నీతిపరుడి కంటి జబ్బు

లాల్‌దర్వాజాలో రంగనాథ్‌కు నీతిపరుడని పేరు. పగలు కచేరీలో గుమాస్తా, సాయంత్రం గుడి కమిటీ మెంబరు. దీపాలు పెట్టే వేళకు అరుగు మీద కూర్చుని, దారిన పోయే పడుచువాళ్లను పిలిచి మరీ శీలం గురించి బోధించేవాడు. గురువారం వస్తే జహనుమా బస్తీలో భజన ఉందని ఒక్కడే వెళ్లేవాడు. ఆ భజనకు ఆయన తాళాలు పట్టుకెళ్లడం మాత్రం ఎవరూ చూడలేదు.

1940 ఎండాకాలంలో ఆయన కుడికన్ను వాచింది. పొద్దున్న రెప్పలు విడదీస్తే పచ్చటి చీము చెంప మీదికి కారింది. రైలింజను నుసి పడిందని కచేరీకి కబురు పంపాడు. తల్లి నాగమణమ్మ అది దిష్టేనని తేల్చింది, పెట్టింది కోడలేనని కూడా తేల్చింది. మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది, పసుపు గుడ్డ కట్టింది, పక్కింటి బాలింతను బతిమాలి కంట్లో చనుబాలు పిండించింది. ఇన్ని సేవలు చేసినా నల్లగుడ్డు మీద తెల్లమచ్చ లేచింది. అప్పుడు గానీ డాక్టరుకు చూపిద్దామన్న భార్య సూర్యప్రభ మాట ఎవరూ వినలేదు. ఆమె టాంగా పిలిపించి ఆయన్ను దబీర్‌పురాలో కంటి డాక్టరు రఘునాథ్ దగ్గరికి తీసుకెళ్లింది.

డాక్టరు చీమును గాజుపలక మీద తీసి మైక్రోస్కోపులో చూశాడు. మూత్రంలో మంట ఉందా అని అడిగాడు. రంగనాథ్ ఇంగ్లీషులో లేదన్నాడు. ఇంగ్లీషులో ఆడితే అబద్ధానికి కూడా హోదా వస్తుందని ఆయన నమ్మకం.

“ఇది సెగరోగం,” అన్నాడు డాక్టరు.

“నేను గదే అంటున్న. ఎండల సెగ గట్లున్నది మరి.”

“ఎండ సెగ కాదు సాబ్, సూజాక్, సుఖరోగం. అది కంటికి నడిచి రాలే. మీ చెయ్యే మోసుకొచ్చింది.”

రంగనాథ్ నెపాన్ని కచేరీ తువ్వాలు మీదికి, ఇరానీ హోటలు కప్పు మీదికి నెట్టి చూశాడు. చాయ్ కప్పుతో ఈ రోగం రాదని డాక్టరు తేల్చేశాడు. గంటగంటకూ ఉప్పునీళ్లతో కన్ను కడగమన్నాడు, మంచి కంటికి అంటకుండా దానికి మూత కట్టాడు, కొత్తగా వచ్చిన సల్ఫా మాత్రలు ఇచ్చాడు. భార్య కూడా లేడీ డాక్టరుకు చూపించుకోవాలన్నాడు.

చూపిస్తే ఆమెకూ రోగం ఉంది. కోడలి నుంచే కొడుక్కు అంటుకుందని నాగమణమ్మ లొల్లి చేసింది. సూర్యప్రభ గొంతు పెంచలేదు.

“అత్తమ్మా, పెండ్లైనంక నేను గుడికి పోయిన, పుట్టింటికి పోయిన. రెండు తాన్ల మీరు నా ఎంటనే ఉన్నరు. జహనుమాకు మీ కొడుకు ఒక్కడే పోయిండు.”

ఒక కంట జబ్బు, ఇంకో కంటికి కట్టు. తల్లి ముఖం చూడకుండా ఉండేందుకు ఆ రోజు రంగనాథ్‌కు మంచి సాకే దొరికింది.

చీము ఆగింది గాని మచ్చ పోలేదు, ఆ కంటికి చూపు రాలేదు. అమ్మవారి సేవలో సాంబ్రాణి పొగకు కన్ను పోయిందని కమిటీలో అనుకున్నారు. అనుకునేలా చెప్పింది రంగనాథే. బోనాలప్పుడు ఆయనకు శాలువా కప్పారు.

ఆడవాళ్ల వైపు కూర్చున్న వరమ్మ, కమిటీ పెద్ద ఒకాయన భార్య, అది ఏం పొగ అని సూర్యప్రభను అడిగింది. సూర్యప్రభ పప్పుచారు ఎలా కాచాలో చెప్పినంత మామూలుగా రోగం పేరు చెప్పింది. అది ఎలా వస్తుందో, కాన్పులో తల్లి నుంచి పసికందు కళ్లకు ఎలా అంటుతుందో, మందు ఆలుమగలిద్దరూ ఎందుకు మింగాలో చెప్పింది. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు మాని విన్నారు.

ఆ వారమే కమిటీ పెద్దలు ఇద్దరు, తమ తమ భార్యల వెనక తలలు దించుకుని దవాఖాన మెట్లెక్కారు.

రంగనాథ్‌కు రోగం పూర్తిగా పోయిందని డాక్టరు చెప్పాడు. అయినా సూర్యప్రభ, వేరే గదిలో వేసుకున్న తన పక్కను మళ్లీ ఆయన గదిలోకి మార్చలేదు.