మిగిలిన కుప్ప

పిలవని పడవ ఎక్కకూడదు. కళింగపట్నానికి పక్కనున్న ఆ పల్లెలో అదే కట్టుబాటు. చుక్కాని పట్టే మనిషి పేరు పెట్టి పిలిస్తేనే ఎక్కాలి, ఎక్కినవాడికే వేటలో పాలు, అంటే పట్టిన చేపల్లో వాటా. కింద నిలబడి పడవను కెరటాల్లోకి తోసేవాడికి మాత్రం సాయంత్రం గుప్పెడు కూరచేపలు పడేస్తారు. నీలవేణిని పెళ్ళాడి వచ్చిన దగ్గర్నుంచీ చినబాబు తోస్తూనే ఉన్నాడు, కూరచేపలు తింటూనే ఉన్నాడు.

అతనిది అరసవల్లి అవతల వ్యవసాయం చేసుకునే కుటుంబం. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని వాళ్ళ ఊరొచ్చే నీలవేణి మీద మనసుపడ్డాడు. మనసుపడి ఊరుకుంటే ఎవరూ ఏమీ అనేవారు కాదు, పెళ్ళి కూడా చేసుకున్నాడు. కన్నవాళ్ళు గుమ్మం తొక్కనివ్వలేదు. ఇక్కడ మామ ఎల్లాజీ గుమ్మమైతే తొక్కనిచ్చాడు గానీ పడవ తొక్కనివ్వలేదు.

"పాలు లేని మొగోడికి ఈ పల్లిలో బతుకు లేదు. సలికాలం ఎల్లేదాకా సూస్తాను. ఆ పైన మీ దారి మీరు సూసుకోండి" అన్నాడు.

ఆ పిలవాల్సినవాడు నీలవేణి అన్న ఎర్రన్న. చుక్కాని అతనిదే. "నాగలి పట్టినోడు తెడ్డేటి పడతాడు" అని రోజూ నవ్వేవాడు. చలికాలం సగం గడిచిపోయింది.

ఆ వేకువన జోగయ్యకు జ్వరం. తెడ్డుకు మనిషి తక్కువయ్యాడు. ఎర్రన్న ఒడ్డునున్న అందరినీ చూశాడు, చినబాబును తప్ప.

"తక్కువైతే తక్కువే. తొయ్యండి!" అన్నాడు.

చినబాబుకు ఒళ్ళు మండిపోయింది. అయినా తోశాడు. నీళ్ళు నడుము దాటి, పడవ మొదటి కెరటం మీదికి లేచేసరికి అంచు పట్టుకుని లోపలికి దూకేశాడు.

"దిగరా!" అని గావుకేక పెట్టాడు ఎర్రన్న.

"యెనక్కి తిప్పు బావా, దిగుతాను."

కెరటాల్లో పడవను అడ్డం తిప్పితే బోల్తా కొడుతుందని ఇన్నాళ్ళూ తోసినవాడికి తెలియదా! ఎర్రన్న పళ్ళు కొరికాడు. ముందువైపు కూర్చున్న ఎల్లాజీ సముద్రం కేసి తిరిగాడు. జోగయ్య తెడ్డు ఖాళీగా ఉంది. చినబాబు దాన్ని అందుకున్నాడు.

ఒడ్డు కనుమరుగయ్యేలోపే కడుపులో ఉన్నదంతా కక్కేశాడు. పడవలో అందరూ విరగబడి నవ్వారు.

"కక్కుతాను. తెడ్డొగ్గను" అని మూతి తుడుచుకుని మళ్ళీ వేశాడు.

పొద్దెక్కేసరికి ఒకచోట నీళ్ళు చినుకులు పడ్డట్టు చిటపటలాడుతున్నాయి. పైన తెల్లపిట్టలు గుంపుగా తిరుగుతున్నాయి. "కానాగంతలు" అన్నాడు ఎల్లాజీ, గుసగుసగా, ఆ చేపల గుంపును చూపిస్తూ. ఎవరూ ఊపిరి కూడా గట్టిగా తీయలేదు. కొత్త నైలాను వలను మెల్లగా నీళ్ళలోకి జార్చసాగారు.

అప్పుడే పిట్టలన్నీ ఒక్కసారిగా కిందికి దూకాయి.

చినబాబు గంటిచేలో, సజ్జకంకులకు కాపలాగా, మంచె మీద పెరిగిన మనిషి. కంకి మీద పిట్ట వాలితే చాలు, అతని గొంతూ చేతులూ అతన్ని అడగవు.

"హోయ్! హోహో హోయ్!" అంటూ చప్పట్లు కొట్టి మరీ అరిచాడు.

పిట్టలు లేచిపోయాయి. చేపలు అడుక్కి దిగిపోయాయి. సముద్రం నున్నగా అయిపోయింది.

"సూసేవా అయ్యా! సంద్రంలో సేను కాపు కాస్తన్నాడు నీ అల్లుడు!" ఎర్రన్న చుక్కాని మీద గుద్దాడు. "ఒడ్డుకెల్లాక ఈడు నా పడవ నీడలో కూడా నిలబడకూడదు."

సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది చినబాబుకు. కానీ తల దించుకుంటే నీలవేణి బతుకు కూడా దించినట్టే. తలెత్తి పిట్టలకేసే చూశాడు.

"అటు తిప్పండి. గాలొచ్చే పక్కకి."

"నువ్వేటిరా మాకు సెప్పేది!"

"తప్పు నాదే. కావాలంటే నన్నిక్కడే దింపేయండి, ఈదుకుంటాను. పడవ మాత్రం బేగి తిప్పండి. ఆకలి మీదున్న పిట్ట అరుపుకి ఇంటికెల్లదు మావా, సుట్టు తిరిగి అవతలి గట్టున వాల్తాది. సేపెక్కడుందో నాకు తెల్దు, పిట్టకి తెలుసు. పిట్టెక్కడ వాల్తాదో నాకు తెలుసు."

ఎల్లాజీ తలెత్తి ఆకాశం చూశాడు. "తిప్పరా ఎర్రన్నా" అన్నాడు.

పిట్టలు అక్కడే వాలాయి. ఈసారి చినబాబు నోట్లో తువ్వాలు కుక్కుకున్నాడు. వల చేపల గుంపును చుట్టి వచ్చాక ఎల్లాజీ అతని వైపు తిరిగాడు. చేప బెదిరి వలలో పడాలంటే ఇక చప్పుడు చేయాలి.

"ఇప్పుడు అరవరా అల్లుడా."

మిగతావాళ్ళు తెడ్లతో పడవను బాదుతుంటే చినబాబు అరిచాడు. గుమ్మంలో అడ్డం నిలబడ్డ తండ్రి మీద అరిచాడు, నవ్విన ప్రతి నోటి మీదా అరిచాడు, తిన్న ప్రతి కూరచేప మీదా అరిచాడు. గొంతు పోయింది. వల బరువెక్కింది. లాగుతుంటే నైలాను దారం వేళ్ళు కోసింది, ఉప్పునీళ్ళు భగ్గుమన్నాయి. వీపు మీద చారలున్న మొదటి కానాగంతను వలకన్నులోంచి విడదీసినప్పుడు దాని వణుకు అతని మోచేతిదాకా పాకింది. అంత సంతోషం అతను ఎన్నడూ ఎరగడు.

ఒడ్డున కుప్పలు పోశారు. పడవకొకటి, వలకొకటి, మనిషికొకటి, జ్వరంతో పడుకున్న జోగయ్యకు కూడా ఒకటి. తోసినవాళ్ళ కూరచేపలు విడిగా పెట్టారు. ఆనవాయితీ ప్రకారం ఎర్రన్న కుప్పలకు వీపు పెట్టి నిలబడ్డాడు. ఎల్లాజీ ఒక్కో కుప్ప మీద వేలు పెట్టి "ఇదెవులిది?" అని అడగడం, చూడకుండానే ఎర్రన్న ఒక పేరు చెప్పడం. అతని నోట వచ్చిన పేరుకే ఆ కుప్ప. పేర్లన్నీ అయిపోయాయి. ఒక కుప్ప మిగిలింది.

"ఇదెవులిది?"

ఎర్రన్న పలకలేదు.

"నాది" అన్నాడు చినబాబు, బొంగురు గొంతుతో.

"నువ్వు సెప్తే సెల్లదు. ఆడు సెప్పాలి" అని ఎల్లాజీ వేలు తీయలేదు. "ఇదెవులిదిరా?"

"ఆ అరుపులోడిది" అని గొణిగాడు ఎర్రన్న.

గంప చంకన పెట్టుకుని వచ్చిన నీలవేణి సరాసరి అన్న ఎదురుగా వెళ్ళి నిలబడింది. "నా మొగుడికి పేరున్నాది అన్నియ్యా. పేరెట్టి సెప్పు."

ఎర్రన్న చెల్లెలి కళ్ళలోకి చూశాడు, చూపు తిప్పుకున్నాడు.

"చినబాబుది."

నీలవేణి గంప దింపింది. ఎల్లాజీ కుప్పనంతా గంపకెత్తి, అలవాటుగా పక్కనున్న కూరచేపలు కూడా గుప్పెడు తీసి వేయబోయాడు. చినబాబు చెయ్యి అడ్డం పెట్టాడు.

"అయి తోసినోల్లకియ్యి మావా."