మూగబోయిన రేడియో

ఆ రోజు పొద్దున్నే రేడియో గొంతు పోయింది. రేడియో అంటే హాస్టల్లో మూడో గది అమ్మాయి. ఆమె నోరు విప్పిందంటే మెస్సులో టీ తాగేవాళ్లకు పొలమారాల్సిందే.

కాలేజీలో చేరిన కొత్తలో ఆమె పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. ఒకసారి వార్డెన్ తుమ్మును అచ్చుగుద్దినట్టు తుమ్మి చూపించింది. అప్పటి నుంచి బల్ల నిండా జనమే. నవ్వించడం మానితే మళ్లీ ఖాళీ కుర్చీలే మిగులుతాయని ఆమె భయం. ఆ భయంతో నిద్ర కూడా పట్టడం లేదు. ఆ సంగతినీ జోకు చేసి చెప్పేది.

డాక్టరు చూసి, వారం పాటు గుసగుస కూడా పనికిరాదన్నాడు.

మధ్యాహ్నం మెస్సులో ఓ మూల ఒంటరిగా కూర్చుంది. ఆమె గదిలోనే ఉండే ఇద్దరూ కంచాలతో వచ్చి ఎదురుగా కూలబడ్డారు. ఒకరు అందరూ అక్కా అని పిలిచే సీనియరు, రెండోది పొట్టి అని అందరూ పిలిచే అమ్మాయి.

"దేవుడు ఇన్నాళ్లకు మా మొర విన్నాడే!" అంది పొట్టి.

రేడియో నవ్వలేదు. గుండె మీద చెయ్యి వేసుకుని, పక్కనున్న ఖాళీ కుర్చీని చూపించింది.

"గుండెల్లో మంటా? మెస్సు కూర మహిమ," అంది పొట్టి.

కాదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"కుర్చీలో నల్లులా?" అంది అక్క.

రేడియో నుదురు కొట్టుకుంది.

"తెలిసింది! క్లాసులో నీ పక్క కుర్చీవాడి మీద మనసు పడ్డావు!"

"ఊరుకోవే పొట్టీ. ఆ మూగదే నయం, నీతో వేగలేం."

పొట్టి తగ్గలేదు. "పోనీ, ఏడుపొస్తోందా?" అంది, అదీ వేళాకోళానికే.

రేడియో అవునని తల ఊపింది. గొంతుంటే ఈపాటికి ఏదో చమత్కారం అడ్డం వేసేది. ఇప్పుడు అడ్డం వేయడానికేమీ లేక కన్నీళ్లు జలజలా రాలాయి.

పొట్టి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అక్క లేచి వెళ్లి ఆ ఖాళీ కుర్చీలో కూర్చుంది.

"ఒసే పిచ్చిదానా, నవ్వించకపోతే లేచిపోతామనుకున్నావా? నీ జోకులు సగం మాకు అర్థమే కావు. మొహమాటానికి నవ్వుతున్నాం."

"సగమేంటక్కా, ముప్పాతిక!"

రేడియోకు ఏడుపులోనే నవ్వొచ్చింది. చప్పుడు లేని ఆ నవ్వు చూసి మిగతా ఇద్దరికీ పొలమారింది.

వారానికి గొంతు వచ్చింది. జోకులు కాస్త తగ్గాయి, బల్ల మాత్రం నిండుగానే ఉంటోంది. నిద్ర పట్టని సంగతి కాలేజీ కౌన్సెలరుతో చెప్పమని అక్క పోరుతోంది. రేడియో కౌన్సెలరు గది దాకా వెళ్లి వచ్చింది. తలుపు ఇంకా తట్టలేదు.