ఉతికినా పోనిది

ఎనిమిదేళ్ళ కూతురిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఆయింట్‌మెంట్ రాయడం వంటాయనకు రోజూ పొద్దుటి పని. క్యాంటీన్‌కు వెళ్ళే తొందరలో ఏప్రాన్ ముందే కట్టేసుకునేవాడు. ఆ పిల్ల మోచేతుల మడతల్లో చర్మం పాత గోడ సున్నంలా పెచ్చులూడేది. డాక్టరు రాసిచ్చిన ఈ తెల్లటి జిడ్డు వచ్చాకే ఇంటిల్లిపాదీ కంటినిండా నిద్రపోయారు.

“కదలకే పిచ్చుకా.”

“చక్కిలిగిలి నాన్నా.”

“గోక్కునేదానికన్నా నవ్వేది నయం తల్లీ.”

చేతికి మిగిలింది ఏప్రాన్‌కే తుడుచుకునేవాడు. భార్య దాన్ని వారానికి రెండుసార్లు సబ్బుతో ఉతికేది. మల్లెపువ్వులా ఉండే గుడ్డను ఎవరు అనుమానిస్తారు?

ఒక రోజు క్యాంటీన్‌లో గిన్నె దించుతూ పొయ్యి మీదికి వంగాడు. ఏప్రాన్ అంచు అంటుకుంది. పాతికేళ్ళ వంటలో ఇలాంటివి ఎన్నో చూశాడు, చేత్తో నలిపితే ఆరిపోయేవి. ఇది ఆరలేదు. రెప్పపాటులో ఛాతీదాకా పాకింది. గిన్నెలు కడిగే ఆవిడ బకెట్టు నీళ్ళు కుమ్మరించబట్టి ప్రాణం దక్కింది. కుడిచెయ్యి మాత్రం మోచేతిదాకా కాలింది.

ఆసుపత్రిలో కట్టు మారుస్తూ పెద్ద నర్సు అడిగింది.

“గుడ్డమీద నూనె ఒలికిందా?”

“లేదమ్మా. ఉతికిందే కట్టుకున్నాను.”

“ఇంట్లో ఎవరికైనా ఒంటికి జిడ్డు మందు రాస్తారా?”

“మా పిల్లకు రోజూ నేనే రాస్తానమ్మా.”

“అందులో పారఫిన్ ఉంటుంది. ముడిచమురులోంచి తీస్తారు. గుడ్డలో ఇంకితే సబ్బుకు పూర్తిగా పోదు. నిప్పు తగిలిందా, వత్తిలా అందుకుంటుంది.”

పిచ్చుక చొక్కా, దిండు, దుప్పటి అన్నీ ఆ జిడ్డులో నానినవే. కరెంటు పోతే పిల్ల తలగడ పక్కనే కొవ్వొత్తి పెడతారు. ఎడమచేత్తో భార్యకు ఫోన్ చేశాడు.

“కొవ్వొత్తి ముట్టించకు. ఆ డబ్బా పారెయ్.”

“పారేస్తే పిల్ల గతేంటండీ?”

“పారెయ్ అన్నానా.”

నాలుగో రోజు తల్లీకూతుళ్ళు వచ్చారు. పిల్ల చేతులు వెనక్కి దాచుకుంది. చొక్కా చేతులకు నెత్తుటి చారలున్నాయి. జ్వరంతో ఒళ్ళు కాలిపోతోంది.

“నేను గోక్కోలేదు నాన్నా. నిద్రలో చేతులే గోక్కున్నాయి.” కాసేపు కట్టుకేసి చూసింది. “నాకు మందు రాసినందుకే నీకు కాలిందా?”

వంటాయన కట్టు కట్టిన చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకున్నాడు.

“చూడండమ్మా,” అన్నాడు నర్సుతో. “రాస్తే నిప్పు, మానితే నెత్తురు. నేనెక్కడికి పోను?”

నర్సు ముందు పిల్లను చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి చూపించింది. పుండ్లకు చీము పట్టింది, దానికి ఆయన వేరే మందు రాసిచ్చాడు. జిడ్డు మందు పూర్తిగా మానెయ్యొద్దని, పుండ్లు తగ్గాక మళ్ళీ ఎప్పటినుంచి రాయాలో తానే చెబుతానని ఆయన అన్నాడు. వంటాయన వేళ్ళు మునుపటిలా ముడుచుకుంటాయో లేదో మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు.

అప్పుడు భార్య సంచిలోంచి డబ్బా తీసింది.

“పారేశానని అబద్ధం చెప్పాను. మనసొప్పలేదు.”

అన్నేళ్ళ కాపురంలో ఆమె తన మాట వినకపోవడం అతనికంత హాయిగా ఎప్పుడూ అనిపించలేదు.

నర్సు డబ్బా తిప్పి, అడుగున చీమతలంత అక్షరాల మీద వేలు పెట్టింది. పిల్ల కూడబలుక్కుని చదివింది: “మంటకు... దూరంగా... ఉంచండి. నాన్నా, ఇది మనింట్లో ఎన్నాళ్ళనుంచి ఉంది?”

“ఏడాదినుంచి తల్లీ.”

నర్సు నెమ్మదిగా అంది. “మందుమీద పగ పెట్టుకోకు నాయనా. పిల్లకు నిద్ర ఇచ్చింది అదే. రాసేటప్పుడు వేరే గుడ్డ కట్టుకో, అది వంటగది గడప తొక్కకూడదు. పిల్ల బట్టలు, దుప్పట్లు వేడినీళ్ళలో తరచూ ఉతకండి. ఉతికినా నమ్మకండి. పొయ్యి, కొవ్వొత్తి, బీడీ ఏదీ వాటి దరిదాపుల్లోకి రానివ్వకండి. మేలు చేసేదాని కీడు కూడా తెలుసుకుని వాడుకోవాలి. తెలుసుకున్నది పక్కింటివాళ్ళకీ చెప్పాలి.”