మెలికల బాటకు రాయి

ఆ మనిషి ఊపిరి మీరే తోడేస్తున్నారు. రాళ్ల డిపో ఓనరూ, పెరటి షోకు కోసం వచ్చిన దంపతులారా, మీకే చెబుతున్నది. మాకేం తెలుసని బొంకకండి. కోత మిషను మోత షోరూం దాకా వినబడుతూనే ఉంది.

షోరూంలో శాంపిళ్లు చూపించేది అక్క. వెనక షెడ్డులో రాళ్లు కోసేది ఆమె తమ్ముడు. డాక్టరు నిన్ననే తేల్చేశాడు: రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది, పోయిన ఊపిరి తిరిగి రాదు, ఇంకా పీలిస్తే మిగిలింది కూడా దక్కదు. అయినా తెల్లారేసరికి తమ్ముడు మిషను దగ్గరే ఉన్నాడు. పని మానితే ఇంట్లో పొయ్యి వెలగదు మరి.

ఆ దంపతుల్లో ఇంటావిడకు పెరట్లో కూర్చునే గచ్చుకూ, తోటలో నడిచే బాటలకూ ఒకే రాయి కావాలట. అక్క ఇసుకరాయి పలక మీద చెంబుడు నీళ్లు పోసింది. పాలిపోయిన రాయి తేనెరంగు తేలింది. తడిపి చూపితేనే రాయి అమ్ముడవుతుంది, ఆ వ్యాపారంలో అదే అలవాటు.

"ఇదే ఇవ్వండి. బాట మాత్రం తిన్నగా వద్దు, మెలికలు తిరగాలి," అందావిడ.

మెలికంటే అంచు పలకలన్నీ కోయాల్సిందే. కోతంటే దుమ్మే.

"బాటకు గులకరాళ్లు పోయించుకోండి మేడం. ఎటు తిప్పితే అటు తిరుగుతాయి. గచ్చుకు ఇటుకలు పరిస్తే కోత పెద్దగా ఉండదు."

"గులకరాళ్లలో చెప్పులు దిగబడతాయమ్మా."

"చవక సరుకు అంటగట్టే దుకాణం ఇదొక్కటే అనుకుంటా," అని భర్త నవ్వాడు.

ఓనరు ఊరుకుంటాడా. "అమ్మాయ్, సార్ వాళ్ల టైం తినకు. మెలికలు మనవాడు అరటిపండు ఒలిచినట్టు కోసిపెడతాడు."

"అయితే మిషనుకు నీళ్ల పైపు పెట్టించండి. తడిపి కోస్తే దుమ్ము లేవదు."

"బురద పట్టి మచ్చలు పడితే ఎవరు కొంటారు? ఆరేదాకా లోడు ఆపుకుని కూర్చునేదెవడు?"

"మచ్చలుంటే మేం తీసుకోం," అన్నాడు భర్త, ముందే చెబుతున్నానన్నట్టు.

అక్క విసురుగా షెడ్డులోకి వెళ్లింది. తమ్ముడు కనుబొమల నుంచి కాళ్ల దాకా తెల్లగా ఉన్నాడు. మూతికి చింకి గుడ్డ. పెళ్లిచూపులకా ఆ పౌడరు అని రోజూ ఆటపట్టించేది. ఇవాళ వాడే అన్నాడు, మాట మాటకీ ఆగి:

"అక్కా... నేనిప్పుడు సగం రాయే. బాటలో నన్నే పరిచేయ్. కోత కలిసొస్తుంది."

దగ్గు తెర వచ్చి చతికిలబడిపోయాడు. అక్క ప్లగ్గు లాగేసింది.

"ఏం లాభమే అక్కా? రేపు ఓనరు ఇంకొకణ్ణి పెడతాడు."

ఆ మాట నిజం. అందుకే వాణ్ణి ఇంటికి తీసుకుపోలేదు. రెక్క పట్టుకుని షోరూంలోకి నడిపించి, కొనేవాళ్లు కూర్చునే కుర్చీలో కూర్చోబెట్టింది. వాడి బట్టల మీది దుమ్ము లేచింది. ఇంటావిడ చప్పున రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"చూశారా మేడం, ఒక్క క్షణం కూడా మీరు ఓర్చుకోలేకపోయారు. వీడు రోజంతా ఇదే పీలుస్తాడు."

"నాటకాలాడితే ఉద్యోగం ఊడుతుంది," అన్నాడు ఓనరు.

"ఊడనీయండి. నీళ్లు లేకుండా ఆ మిషను ఇక తిరగదు, ఎవణ్ణి పెట్టినా సరే. కోసేవాడికి దుమ్ము దూరని మాస్కు ఇవ్వాలి. వీడి వైద్యం మీ ఖర్చు, కూర్చోబెట్టి జీతం ఇవ్వాలి. మీరు కూడా వినండి మేడం. పొడిగా కోసిన రాయి మాకొద్దని ఈయన మొహం మీద చెప్పండి. ఇంటికెళ్లి ఆలోచించుకుంటామంటే కుదరదు, ఇప్పుడే చెప్పండి."