స్టాపు కాని చోట

పంతొమ్మిదేళ్ళుగా సిటీ బస్సు తోలుతున్నాను. ఇన్నేళ్ళలో నాకు బాగా పట్టుబడిన విద్య ఏదంటే బ్రేకూ కాదు, గేరూ కాదు, ఆపుకోవడం. ఒంటికి వెళ్ళేది బయల్దేరేముందు డిపోలో ఒకసారి, డ్యూటీ దిగాక ఇంకోసారి, అంతే. మధ్యలో వచ్చినా రానట్టే. మా డ్రైవర్లలో సగంమంది ఈ బాధకి నీళ్ళు తాగడమే మానేశారు. నేను తాగుతాను, అయినా ఆపుకుంటాను. ఇందులో గొప్పేముందని మా ఆవిడ అంటుంది. ఏ విద్యా లేనివాడికి అదే గొప్ప.

మా బుడంకాయకి రెండున్నరేళ్ళు. పెళ్ళయిన పదమూడేళ్ళకి, ఇక లేరులే అనుకున్నాక పుట్టిన పిల్ల. డైపర్ మాన్పించాలనుకున్నప్పుడు ఆ పని నేను నెత్తిన వేసుకున్నాను. మా ఆవిడకి మందుల షాపులో పొద్దుటి డ్యూటీ, నాది మధ్యాహ్నం నుంచి. పొద్దునంతా పిల్ల నా చేతిలోనే ఉంటుంది. ఊరికే నేర్పితే సరిపోయేది. నేను షెడ్యూలు రాశాను.

ఏడూ అయిదు, పదీ అయిదు, ఒంటిగంటా అయిదు, అలా మూడేసి గంటలకో ట్రిప్పు. కాయితం ఫ్రిజ్ తలుపుకి అంటించాను. టైమవగానే పసుపుపచ్చ బుల్లి పీట తెచ్చి, "స్టాపొచ్చింది, దిగండి దిగండి" అనేవాణ్ణి. అది కిలకిలా నవ్వుతూ వచ్చి కూర్చునేది. మధ్యలో కాళ్ళు మెలేసుకుంటే, "స్టాపు రాలేదు, ఆపుకో" అనేవాణ్ణి. ఆపుకునేది.

"అది పిల్లండీ, బస్సు కాదు," అంది మా ఆవిడ. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనేవాడికి ఇలాంటి మాటలు ఎక్కడెక్కుతాయి? రెండు వారాల్లో గచ్చు మీద చుక్క పడలేదు. మొక్కగా ఉన్నప్పుడే వంచాలని డిపో క్యాంటీన్లో ఇద్దరు పిల్లల తండ్రులకి సలహా కూడా ఇచ్చాను.

మూడోవారం పిల్లకి జ్వరం వచ్చింది. ఒంటికి కూర్చుంటే మంటని ఏడ్చింది. పరీక్ష చేస్తే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అని తేలింది.

"రోజుకి ఎన్నిసార్లు పోస్తోంది?" అని అడిగింది పిల్లల డాక్టరమ్మ.

"అయిదుసార్లండి. టైమంటే టైమే."

ఆవిడ రాయడం ఆపింది. "మధ్యలో వస్తే?"

"ఆపుకుంటుందండి."

"ఆపుకోమని ఎవరు చెప్పారు?"

నేను నేల చూపులు చూశాను. మా ఆవిడ పిల్లని నా ఒళ్ళోంచి తన ఒళ్ళోకి తీసుకుంది.

డాక్టరమ్మ కోప్పడకుండానే చెప్పింది. "ముందు వస్తోందని తెలియాలి, తెలిసింది చెప్పాలి. ఆపుకోవడం ఆ తర్వాతెప్పుడో. మీరు వెనకనుంచి మొదలుపెట్టారు. ఈసారికి మందుతో తగ్గుతుంది. ఇదే అలవాటైతే కిడ్నీల దాకా పోతుంది. వస్తోందని పిల్ల తనంతట తను చెప్పాలి. చెప్పగానే తీసుకెళ్ళాలి. చెప్పినా లాభం లేదని తెలిస్తే పిల్లలు చెప్పడం మానేస్తారు."

ఇంటికెళ్ళి కాయితం చింపేశాను. కాయితం చింపితే పోయే అలవాటా అది? పదిరోజులపాటు అది ఒక్కసారి కూడా నోరు తెరవలేదు. కాళ్ళు మెలేసుకుని నిలబడి ఉంటుంది. "వస్తోందా తల్లీ?" అంటే "రాలేదు" అంటుంది. నేను ఎత్తుకెళ్ళి కూర్చోబెడితే ధార. ఆ "రాలేదు" ఎవరిదో నాకు తెలుసు. డ్యూటీ నుంచి వచ్చి ముందు బాత్రూమ్‌కి పరిగెత్తకుండా పిల్లని ఎత్తుకుంటే, ముందు వెళ్ళి రండని మా ఆవిడ అంటుంది. "రాలేదు" అని అప్పుడు నేను ఎప్పుడూ అనే మాటే అది.

మళ్ళీ పరీక్షకి రమ్మన్న రోజు నాకు సెలవు, మా ఆవిడకి డ్యూటీ. సంచిలో పిల్లకి రెండు జతల బట్టలు, తువ్వాలు, తడిబట్టలకి కవరు పెట్టిచ్చింది. "అది నోరు తెరిస్తే చాలు, ఎక్కడున్నా సరే తీసుకెళ్ళండి," అంది.

"నాకు చెప్పాలా?" అన్నాను.

మేమెక్కిన బస్సు తోలుతున్నది నా శిష్యుడే. ఆర్నెల్లు నా పక్కన నిలబడి రూటు నేర్చుకున్న మనిషి. "గురువుగారూ, ముందుకి రండి," అని తన వెనక సీటు చూపించాడు. పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. మూడు స్టాపులు దాటాయి. అప్పుడు అది నా చొక్కా కాలరు పట్టి లాగి, చెవిలో నోరు పెట్టి, "నాన్నా, ఒంటికి," అంది.

పదిరోజులుగా నేను చెవులు రిక్కించుకుని ఎదురుచూసిన మాట. కళ్ళ ముందే ఎడమపక్కన పెట్రోలు బంకు. వెనకాల బాత్రూమ్ ఉందని నాకూ తెలుసు, డ్రైవరుకీ తెలుసు. చెయ్యి చాస్తే అందేంత దూరంలో అతని భుజం.

కానీ "స్టాపు కాని చోట నీ కన్నతల్లి చెయ్యెత్తినా ఆపకు, ఒకరికి ఆపితే పదిమందికి ఆపాలి," అని అతనికి నూరిపోసింది నేనే. కిందటి వానాకాలం ఒకావిడ పిల్లాణ్ణి చంకనేసుకుని వచ్చి పిల్లాడికి ఒంటికొస్తోంది, ఆపమని నన్ను బతిమాలింది. "అయిదు నిమిషాల్లో స్టాపొస్తుందమ్మా," అన్నాను. తర్వాత ఆవిడ తడిసిన చీరతో తల దించుకుని దిగిపోయింది. ఇప్పుడు ఏ మొహంతో అడగను?

గడియారం చూసుకున్నాను. "నాలుగు నిమిషాలే, బంగారం. ఆపుకో."

అనేశాక గాని ఏమన్నానో నాకు తెలియలేదు. పిల్ల బుద్ధిగా తలూపింది. బంకు వెనక్కి వెళ్ళిపోయింది. స్టాపు ఇంకో మలుపు ఉందనగా నా ఒళ్ళో వెచ్చగా తగిలింది.

అది ఏడవలేదు. నా మొహంలోకే చూస్తూ కూర్చుంది, తిడతానేమో అని. ఎదురుసీటావిడ కిందున్న సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. డ్రైవరు అద్దంలో చూశాడు.

"అయ్యో గురువుగారూ, ఒక్క మాటంటే బంకులోకి తిప్పేవాణ్ణి కదా," అన్నాడు.

తల కొట్టేసినట్టయింది. తువ్వాలుతో నేలంతా తుడిచి దిగాను. స్టాపులో బల్లమీద నిలబెట్టి దానికి బట్టలు మార్చాను. నాకు మార్చుకోవడానికి ఇంకో ప్యాంటు లేదు. సంచి అడ్డం పెట్టుకున్నాను.

"నువ్వు మంచిగా చెప్పావు. నీ తప్పు లేదు," అన్నాను. "నేనే బస్సు ఆపమని అడగలేదు."

"ఎందుకూ?"

"భయమేసింది."

నాన్నకి భయమేమిటో దానికి అర్థం కాలేదనుకుంటాను.

ఆసుపత్రిలో పరీక్షకి కావాలంటే దానికి రాదు, అంతా బస్సులోనే అయిపోయిందిగా. నర్సు నీళ్ళు తాగించమంది. ఒక్కతే తాగనని మొండికేస్తే, దానితో పోటీపడి నేనూ తాగాను. అది ఒక గ్లాసు, నేను ఒక గ్లాసు, అలా మూడు విడతలు. చివరికి దాని పరీక్ష అయింది. ఇన్‌ఫెక్షన్ తగ్గింది. "చెబుతోందా?" అని అడిగింది డాక్టరమ్మ. "చెప్పిందండి," అన్నాను. ఆవిడ సంతోషపడింది. మిగతాది నేను మింగేశాను.

తిరుగు బస్సు కిక్కిరిసి ఉంది. డ్రైవరు నాకు తెలియనావిడ, వెనక్కి తిరిగి చూడని రకం. ఎవరో పిల్లని చూసి సీటిచ్చారు. రెండు స్టాపులు దాటాయో లేదో, ఒళ్ళో దాని కాళ్ళు మెల్లిగా మెలిపడ్డాయి.

"వస్తోందా తల్లీ?"

"రాలేదు."

డాక్టరమ్మ చెప్పినట్టే అయింది. అది నోరు తెరిచి ఒక్కసారి చెప్పి చూసింది, లాభం లేదని తేల్చుకుంది. ఇప్పుడు దిగి ఎత్తుకెళ్ళి కూర్చోబెడితే పోస్తుంది. రేపు బళ్ళో, ఎల్లుండి ఇంకెక్కడో, నేను పక్కన లేని చోట కాళ్ళు మెలేసుకుని "రాలేదు" అంటూ కూర్చుంటుంది. దానికి ఇంకెన్ని మంచిమాటలు చెప్పినా వినదు. నేను చెప్పింది వినదు గాని నేను చేసింది మాత్రం చూస్తుంది, ఇన్నాళ్ళూ చూసింది.

నిజానికి పొద్దున్నుంచి నేనూ వెళ్ళలేదు. పైగా కడుపులో మూడు గ్లాసుల నీళ్ళు.

దాని చెవిలో చెప్పాను, "నాకు ఒంటికొస్తోంది."

అది గిరుక్కున తిరిగి నా మొహం చూసింది. నా బుగ్గ మీద చెయ్యి వేసి, అచ్చం నాలాగే, "ఆపుకో," అంది.

"ఆపుకోలేను."

పిల్లని భుజానికెత్తుకుని లేచాను. జనాన్ని తోసుకుంటూ ముందుకెళ్ళాను. ఎండి అట్టకట్టిన ప్యాంటు, చేతిలో సంచి, నలభై ఆరేళ్ళ వయసు.

"అమ్మా, బస్సు ఒకసారి పక్కకి ఆపండి. ఒంటికి వెళ్ళాలి."

"పిల్లకా?" అంది ఆవిడ రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"కాదమ్మా, నాకు."

బస్సులో వెనకనుంచి నవ్వు మొదలై ముందుదాకా పాకింది. "అయిదు నిమిషాల్లో స్టాపొస్తుంది, ఆ మాత్రం ఆగలేరా?" అంది ఆవిడ.

"ఆగలేనమ్మా," అన్నాను, అందరికీ వినపడేలా.

అప్పుడు నా భుజం మీంచి, నాకంటే గట్టిగా, "నాకూ ఒంటికి," అంది మా బుడంకాయ.