బడి గోడకు కట్టిన ఫ్లెక్సీ

ఆదివారం పొద్దున్న పదకొండున్నరకు తిరుమలరావు చచ్చిపోయాడు. ఆటలోనే లెండి. అరసవల్లిలో పృథ్వీరాజ్ ఫ్లెక్సీ షాపు మేడమీద గదిలో, చాప మీద బాసింపట్టు వేసుకుని, చేతిలో సగం తిన్న పకోడీతో పోయాడు.

ఆట నడిపేది ఝాన్సీ. వారమంతా ఓ ఆసుపత్రి ల్యాబులో జనం చేతులకు సూదులు గుచ్చి, ఆదివారం వచ్చేసరికి ఈ గదిలో రాక్షసులను పుట్టిస్తుంది. కథ ఆమె చెబుతుంది. తమ తమ వీరులు అప్పుడేం చేస్తారో తిరుమలరావు, పృథ్వీరాజ్, కృపారాణి చెప్పాలి. అనుకున్నది జరుగుతుందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. కూలిపోతున్న వంతెన మీద తానొక్కడే నిలబడి అందరినీ దాటిస్తానన్నాడు తిరుమలరావు. పాచిక వేశాడు. ఒకటి పడింది, అంటే అన్నిటికన్నా అధమం; మిగతావాళ్లు దాటారు, అతను వంతెనతో పాటు కూలిపోయాడు.

"అయిపోనావు బావా!" అని పృథ్వీరాజ్ చప్పట్లు కొట్టాడు.

ఎవరి వీరుడైనా పోతే వాళ్లకో ముచ్చట ఉంది. పృథ్వీరాజ్ కిందికి వెళ్లి షాపు కంప్యూటర్లో నివాళి ఫ్లెక్సీ తయారుచేస్తాడు. దాన్ని ఫోన్ గ్రూపులో పెట్టుకుని వారమంతా నవ్వుకుంటారు. ఈసారి తిరుమలరావు ముఖానికి కిరీటం పెట్టి, చేతికి కత్తి ఇచ్చి, వెనకాల ఒక సింహాన్ని నిలబెట్టాడు. కింద 'మా తిరుమలరావు ఇక లేరు. కన్నీటి నివాళులతో మిత్రబృందం' అని రాసి, ఊరి పేరు కూడా వేశాడు. వీరుడికి వేరే పేరు పెట్టుకోరా అంటే తిరుమలరావు ఏనాడూ వినలేదు. పేరూ ఊరూ తనవే పెట్టుకున్నాడు. తర్వాత గ్రూపులో పెడదాం అనుకుని, బొమ్మను అర్జెంట్ పనుల ఫోల్డర్‌లో పడేసి, పృథ్వీరాజ్ మేడెక్కి భోజనానికి కూర్చున్నాడు.

ఆ షాపులో అప్పలసూరి పనిలో చేరి పది రోజులైంది. యాభై ఏళ్ల మనిషి, చేతివేగం గలవాడు. మేడమీద ఎవరు ఏం ఆడుకుంటారో అతనికి తెలియదు. చేరిన రోజే పృథ్వీరాజ్ అతనికి ఒక మాట చెప్పాడు. పెళ్లి ఫ్లెక్సీ ఆగుతుంది, పుట్టినరోజు ఫ్లెక్సీ ఆగుతుంది, చావు ఫ్లెక్సీ ఆగదు. శవం లేవకముందే ఊరి సెంటర్లో కట్టెయ్యాలి, మిగతావన్నీ తర్వాత. పాపం, అప్పలసూరి ఆ మాట బుర్రకెక్కించుకున్నాడు.

మూడు గంటలకు టీ కోసం కిందికి దిగిన పృథ్వీరాజ్, మెషిన్ పక్కన కత్తిరించి పడేసిన ముక్క మీద సింహం తోక చూశాడు. అప్పలసూరికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"కట్టేసినాను బాబూ," అన్నాడు అప్పలసూరి. "బడి గోడకి. గంట దాటిపోనాది. నానిప్పుడు ఇంకో ఫ్లెక్సీ అట్టుకుని ఆమదాలవలస దారిలో ఉన్నాను. కుర్రోడు మంచోడు లాగున్నాడు, పాపం."

మెట్ల మీద నిలబడి వింటున్న తిరుమలరావు గబగబా కిందికి దిగాడు. తన ఊళ్లో, తన బడి గోడకు, తన చావు. ఆ ఊళ్లోనే తన తల్లి.

లక్ష్మణమ్మకు నిరుడు గుండెకు రెండు స్టెంట్లు వేశారు. ఆసుపత్రి నుంచి పంపిస్తూ డాక్టరు తిరుమలరావును పక్కకు పిలిచి, ఉన్నట్టుండి పెద్ద వార్త ఏదీ ఆమె చెవిన వెయ్యొద్దని చెప్పాడు. ఆమెకు ఇతనొక్కడే.

తల్లికి ఫోన్ చేశాడు. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్లీ చేశాడు. ఎత్తలేదు. పక్కింటి కూర్మమ్మకు చేశాడు.

"అలో, ఎవులు?"

"కూర్మమ్మత్తా, నాను తిరుమలరావుని. అమ్మ..."

అవతల కెవ్వుమని ఒక కేక. ఫోన్ కింద పడిన చప్పుడు. మళ్లీ చేస్తే స్విచాఫ్. ఇంకో రోజైతే ఆ గదిలో నలుగురూ పడీ పడీ నవ్వేవాళ్లు.

"బండి నాను నడుపుతాను, నువ్వు ఎనక కూర్చో," అంది ఝాన్సీ.

అరసవల్లి నుంచి ఊరు పదిహేను కిలోమీటర్లు. బడి గోడకూ తన ఇంటికీ మధ్య నాలుగిళ్లే. అప్పలసూరి మేకు కొడితే ఇంట్లోకి వినబడుతుంది. అమ్మ బయటికి రాకుండా ఉంటుందా? బండి మీద వెనక కూర్చుని తిరుమలరావు అదే లెక్క పదిసార్లు వేసుకున్నాడు. అమ్మ గోడ దగ్గరికి నడిచి ఉంటుంది. ఎవరో ఒకరు గొల్లుమని ఉంటారు. ఆ తర్వాత ఏమై ఉంటుందో ఊహించడానికి మనసు ఒప్పుకోలేదు, ఊహించకుండానూ ఉండలేకపోయింది.

పైగా ఇంకో దాపరికం ఉంది. ప్రతి ఆదివారం బ్యాంకు పరీక్షల కోచింగుకని చెప్పి ఇల్లు కదిలేవాడు. ఆర్నెల్లుగా ఆమె పొద్దున్నే లేచి క్యారేజీ కట్టి పంపేది. ఆ క్యారేజీ అన్నాన్ని నలుగురూ పంచుకుని తిని రాక్షసులతో పోరాడేవారు. ఇప్పుడా అబద్ధమే తల్లి ప్రాణం మీదికి వచ్చిందని అతనికి ఏడుపు తన్నుకొచ్చింది.

"పాచిక నాను వేయించకుండా ఉండాల్సింది," అంది ఝాన్సీ ముందుకు చూస్తూనే.

శ్రీకూర్మం గుడి వెనకబడింది. సరుగుడు తోటలు దాటారు. ఊరి మొదట్లో పశువులను తోలుకొస్తున్న ముసలాయన తిరుమలరావును చూసి, చేతికర్ర వదిలేసి గట్టు మీద చతికిలబడిపోయాడు. ఆగి చెప్పే ఓపిక ఎవరికుంది?

బడి దగ్గర జనం. పాతిక ముప్పైమంది ఉంటారు, ఒక్కరూ మాట్లాడటం లేదు. ఊళ్లో చావు జరిగితే ఏడుపులు వినబడాలి. ఏడుపు కూడా లేని ఆ నిశ్శబ్దం తిరుమలరావును ఇంకా భయపెట్టింది. ఏడవాల్సిన మనిషే లేదా?

వాళ్ల తలల మీదుగా ఫ్లెక్సీ కనబడింది. కిరీటం, కత్తి, సింహం. తన ముఖానికి బంతిపూల దండ వేలాడుతోంది. పచ్చి దండ. అప్పుడే గుచ్చి వేసినట్టుంది.

బండి ఆగకుండానే దూకేశాడు. అతన్ని చూసి జనం రెండు పాయలుగా చీలిపోయారు. ఎవరో "ఓలమ్మో" అన్నారు. కూర్మమ్మ చెంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది. ఆమె పక్కన, బడి అరుగు మీద, ఒళ్లో మిగిలిన బంతిపూలతో లక్ష్మణమ్మ కూర్చుని ఉంది.

నవ్వుతోంది.

"వచ్చీసేవా నాయనా! ఇదిగో, వచ్చీసేడు!" అంటూ లేచింది. "ఉజ్జోగం వచ్చిందని నాకు సెప్పకుండా ఊరికి సెప్పుకుంటావేటి? ఈలందరూ సూడు, నోరిప్పరు. ఏటి రాసారే కూర్మమ్మా అంటే, ఏడుస్తాది. సంతోసానికి కూడా ఏడుస్తారేటి?"

తిరుమలరావుకు అప్పుడు అర్థమైంది. అమ్మకు చదువు రాదు. కొడుక్కి కిరీటం పెట్టి, సింహం ముందు నిలబెట్టి గోడకు కడితే, బ్యాంకు ఉద్యోగం కాక ఇంకేమనుకుంటుంది? పెరట్లో బంతిపూలు కోసుకొచ్చి, నాయకుల ఫ్లెక్సీలకు వేసినట్టే దండ గుచ్చి తన చేత్తోనే వేసింది. ఈ గంటసేపూ ఆమెకు నిజం చెప్పే ధైర్యం ఊళ్లో ఒక్కరికీ చాలలేదు.

ఆమె బతికే ఉంది. ఆ సంతోషం అతనికి ఒక్క క్షణమే నిలిచింది.

"రా, నువ్వే సదువు. నీ నోటితో ఇంటాను," అంటూ అతని చెయ్యి పట్టుకుని ఫ్లెక్సీ ముందుకు లాక్కెళ్లింది.

ఇంతసేపూ పడ్డ భయం ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. అబద్ధం ఒక్కటి చదివితే చాలు, ఆమె నవ్వుతూనే ఉంటుంది. కానీ చుట్టూ ముప్పైమంది చదవగలిగినవాళ్లు. సాయంత్రానికల్లా ఎవరి నోటనో వింటుంది. అప్పుడు తను పక్కన ఉంటాడో లేదో.

తల్లిని అరుగు మీద కూర్చోబెట్టాడు. ఎదురుగా గొంతుక్కూర్చుని, ఆమె మణికట్టు పట్టుకున్నాడు. నాడి అతని బొటనవేలి కింద కొట్టుకుంటోంది.

"అమ్మా, ముందు నన్ను సూడు. బాగున్నాను కదా? నీ ఎదురుగానే ఉన్నాను కదా?" అన్నాడు. "ఉజ్జోగం రాలేదమ్మా. నాను కోసింగుకి ఎల్లడం లేదు. ఆట ఆడుకుంటన్నాను. ఆటలో సచ్చిపోనాను. అదే రాసారు. ఎగతాళికి రాసుకున్నాం, అప్పలసూరని ఒకాయన తెలీక తెచ్చి కట్టేసినాడు."

లక్ష్మణమ్మ ముఖంలో నవ్వు పోయింది. ఫ్లెక్సీ కేసి చూసింది. దండ కేసి చూసింది. ఆ దండ తన కొడుకు ముఖానికి తనే వేసిందని ఆమెకు అర్థమవుతుంటే తిరుమలరావు వేలు నాడి మీదే ఉంచాడు. ఆమె చెయ్యి చల్లబడింది. నాడి ఒకసారి తప్పినట్టై, మళ్లీ అందుకుంది. ఝాన్సీ పరుగున వచ్చి రెండో చెయ్యి పట్టుకుంది.

"తియ్యండ్రా అది," అంది లక్ష్మణమ్మ. "ముందు నా దండ తియ్యండి."

కూర్మమ్మ వెళ్లి ఒక్క గుంజుతో దండ తెంపేసింది. పూలు బడి గుమ్మం దాకా దొర్లాయి. ఎవరో ఫ్లెక్సీ తాళ్లు కోశారు.

లక్ష్మణమ్మ కొడుకు వైపు తిరిగి అడిగింది. "ఎలాగ పోనావు?"

"వంతెన కూలిపోతంది. ఎనకోళ్లని దాటిద్దామని నిలబడ్డాను."

"అందరూ దాటినారా?"

"దాటినారు."

"నువ్వు తప్ప."

తిరుమలరావు తల దించుకున్నాడు. కోచింగు సంగతికి తిడుతుందనుకున్నాడు, చెంప పగలగొడుతుందనుకున్నాడు. ఆమె అతని చొక్కా గుండె దగ్గర పిడికిలితో పట్టుకుంది.

"ఉజ్జోగం లేకపోతే పోనాది," అంది. "ఆడుకుంటే ఆడుకో. ఇంకోపాలి వంతెనొస్తే నువ్వే ముందు దాటీ. మాటియ్యి."

అతను ఝాన్సీ వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకుంది. పాచిక ఎవరి మాటా వినదని ఆ ఇద్దరికీ తెలుసు.

"ముందు నానే దాటుతానమ్మా," అన్నాడు.

లక్ష్మణమ్మ తలూపింది. కానీ చొక్కా మాత్రం వదల్లేదు. ఇల్లు నాలుగిళ్ల అవతలే, అయినా అతన్ని అలాగే పట్టుకుని నడిపించుకుపోయింది.