ఒంటి స్పీకరు గది

సంగీతమంటే చెవి కోసుకునేవాళ్ళు ఊరి నిండా ఉంటారు. పాటల టీచర్ మాత్రం కోసుకోకుండానే ఒక చెవి పోగొట్టుకుంది. ఒకరోజు పొద్దున నిద్రలేచేసరికి కుడి చెవిలో ఎవరో తడి దూది కుక్కినట్టనిపించింది. జలుబేమో అనుకుని ఆవిరి పట్టింది. సాయంత్రానికల్లా ఆ దూది గోడయింది. డాక్టరు మాత్రలిచ్చాడు, ఇంజెక్షన్లు చేశాడు, చివరికి, "కారణం తెలీదమ్మా, ఒక్కోసారి ఇలా జరుగుతుంది. ఎడమ చెవి బ్రహ్మాండంగా ఉంది, దాన్ని చూసుకోండి" అని చేతులెత్తేశాడు.

ఆ బ్రహ్మాండమైన చెవితోనే ఆమె మళ్ళీ బడికి వెళ్ళింది. ఒకప్పుడు పిల్లలంతా గొంతు కలిపి పాడుతుంటే, బోర్డు వైపు తిరిగి ఉండి కూడా, "వెనక వరస, కిటికీ పక్క, శ్రుతి తప్పావు" అని చెప్పగలిగేది. ఇప్పుడు ఆ పాటంతా ఒక ముద్దగా వచ్చి ఎడమ పక్క తగులుతోంది. ఎవరో శ్రుతి తప్పారని తెలుస్తోంది కానీ ఎవరో తెలియడం లేదు. ఒకనాడు అలవాటు కొద్దీ ఒక పిల్లను వేలు పెట్టి చూపించింది. సరిగ్గా పాడుతున్నది ఆ పిల్ల ఒక్కతే. పాపం, తరగతంతా నవ్వితే బల్ల మీద తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఆ మధ్యాహ్నమే టీచర్ హెడ్మిస్ట్రెస్ దగ్గరకు వెళ్ళి లైబ్రరీకి మార్చమని అడిగింది. పుస్తకాలు తప్పు పాడవు కదా.

ఆమె స్థానంలో వచ్చినాయన ఏడాది తిరిగేసరికి మానేస్తున్నాడు. "పాటల క్లాసు మీరు మళ్ళీ తీసుకుంటారా? లేకపోతే ఆ గది కంప్యూటర్లకి ఇచ్చేద్దామంటున్నారు" అని హెడ్మిస్ట్రెస్ అడిగింది. ఆలోచించి సోమవారం చెబుతానంది టీచర్. ఆలోచించడానికేమీ లేదు, కుదరదనే మాట నాలుక చివరే ఉంది. మొహం మీద అనలేకపోయిందంతే.

ఆ శనివారం పొద్దున్నే బావ ఊడిపడ్డాడు. బావంటే అక్క మొగుడు. కళ్ళద్దాల షాపు ఉంది. అయితే ఆయన ప్రాణమంతా స్పీకర్ల మీదే. ఇంటి ముందు గదిలో బీరువాలంత స్పీకర్లు రెండు పెట్టుకుని, వాటికెదురుగా ఒకే ఒక్క కుర్చీ వేసుకున్నాడు. చుట్టాలొస్తే వంటింట్లో కూర్చోవాల్సిందే. అక్క ఆయన్ని "మా డబ్బాలాయన" అంటుంది.

"పద పద, తయారవ్వు. పెద్ద హోటల్లో స్పీకర్ల ప్రదర్శన పెట్టారు. రెండు టిక్కెట్లున్నాయి" అన్నాడు బావ.

"అక్కని తీసుకెళ్ళండి."

"మీ అక్క రానంది. ఆ చెవుడొచ్చే గోల నాకొద్..." బావ నాలుక కరుచుకున్నాడు.

టీచర్‌కు నవ్వొచ్చింది. ఏడాదిగా ఇంట్లో అందరూ ఆ మాట చుట్టూ గాజు సామాను చుట్టూ తిరిగినట్టు తిరుగుతున్నారు. ఇన్నాళ్ళకి ఒకరు దాన్ని పగలగొట్టారు.

"చెవిటిదాన్ని సంగీతానికి తీసుకెళ్తారా బావా?"

"ఒక్కసారి రా, మరదలా. నా మాట విను. నచ్చకపోతే కాఫీ తాగి వచ్చేద్దాం."

దారి పొడుగునా బావ ఆమె ఎడమ పక్కనే నడిచాడు. రోడ్డు దాటి అవతలి పేవ్‌మెంటు ఎక్కినప్పుడల్లా గబగబా చుట్టూ తిరిగొచ్చి మళ్ళీ ఎడమకే చేరేవాడు. ఎందుకో చెప్పేవాడు కాదు, ఆమె కూడా అడిగేది కాదు.

హోటల్లో రెండంతస్తులు ప్రదర్శనకే ఇచ్చేశారు. గదుల్లోంచి మంచాలు తీసేసి, పరదాలు దించి, ఒక్కో గదిలో ఒక్కో కంపెనీ దుకాణం తెరిచింది. వరండాలో జనం చెప్పుల చప్పుడు కూడా కాకుండా నడుస్తున్నారు. ఒక గదిలోంచి డప్పులు, పక్క గదిలోంచి పియానో, ఎదురు గదిలోంచి ఎవరిదో ఏడుపు లాంటి పాట. మామూలు వాళ్ళకు అవి మూడు గుమ్మాల్లోంచి వచ్చే మూడు చప్పుళ్ళు. ఆమెకు మాత్రం ఒకే చోట పోసిన రాళ్ళకుప్ప. వరండా దాటేదాకా గోడకు చెయ్యి ఆనించి నడిచింది.

బావ ఆమెను తిన్నగా అన్నిటికన్నా పెద్ద గదికి తీసుకుపోయాడు. అక్కడ మనిషెత్తు స్పీకర్లు రెండు, అద్దంలా మెరుస్తూ నిలబడి ఉన్నాయి. బొటనవేలంత లావు తీగలు తివాచీకి తగలకుండా వాటి కింద చిన్న చిన్న చెక్కపీటలు వేశారు.

"తీగలకి పీటలెందుకు బావా? నేల చల్లగా ఉంటుందనా?"

"ష్. నవ్వకు, చూస్తున్నారు."

బావ ముందే చెప్పి ఉంచాడు కాబోలు, సూటు వేసుకున్న సేల్స్ అబ్బాయి ఆమెను సరిగ్గా నడిమధ్య కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆ కుర్చీ కోసం వెనక జనం వరస కట్టి ఉన్నారు. "కళ్ళు మూసుకోండి మేడం. పాడే ఆవిడ మీ ఎదురుగా, రెండు స్పీకర్లకీ నట్టనడుమ, వచ్చి నిలబడుతుంది. చెయ్యి చాపితే అందుతుంది."

పాట మొదలైంది. గదిలో ఉన్నవాళ్ళంతా కళ్ళు మూసుకుని, తపస్సులో ఉన్నట్టు ఊపిరి బిగబట్టారు. టీచర్ కూడా మూసుకుంది. ఎవరూ వచ్చి నిలబడలేదు. పాటంతా ఎడమ చెంప మీద ఒక చోట వాలి, అక్కడే ఉండిపోయింది. కుడి వైపు మామూలుగానే గోడ.

"కనపడిందా మేడం ఆవిడ?"

"లేదండీ. నాకు కుడి చెవి వినిపించదు."

గదిలో తపస్సు చెదిరింది. తలలన్నీ ఇటు తిరిగాయి. పాపం, ఆ అబ్బాయి మొహం చిన్నబోయింది. వంగి, ఎంతో మర్యాదగా, ఏదో చాలాసేపు చెప్పాడు. క్షమాపణే అయి ఉండాలి. ఏమన్నాడో మాత్రం ఆమెకు తెలియలేదు, ఎందుకంటే చెప్పినదంతా కుడి చెవిలో చెప్పాడు.

ఆమె లేచి, "మీరు వినండి బావా, నేనలా తిరిగొస్తా" అని బయటపడింది. ఆ అబ్బాయి మీద కోపం కాదు. బావ మీద కూడా కాదు. లైబ్రరీలో ఏడాదిపాటు భద్రంగా కప్పిపెట్టుకున్నదాన్ని నలుగురి మధ్య విప్పి చూపించినట్టయింది.

వరండా చివర జనం పలచబడ్డారు. ఆఖరి గది తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల పొట్టిజుట్టు పెద్దావిడ ఒకామె నేల మీద కూర్చుని, మెత్తని గుడ్డతో రికార్డు తుడుస్తోంది. వేళ్ళ నిండా టంకం అంటిన మచ్చలు. మూలన ఒకే ఒక్క చెక్క స్పీకరు, పాతకాలపు అలమరలా ఉంది.

"రెండోది పాడైందా అండీ?" అడిగింది టీచర్.

పెద్దావిడ పకపకా నవ్వింది. "పొద్దుటినుంచీ అందరూ గుమ్మంలోంచి ఇదే అడిగి వెళ్ళిపోతున్నారమ్మా. రెండోది లేదు. దీనికి రెండోది అక్కర్లేదు. ఈ డబ్బా నేనే చేసుకున్నా, పాత రికార్డుల కోసం. అప్పట్లో గది మధ్య ఒక్క మైకు పెట్టేవాళ్ళు, పాడేవాళ్ళంతా దాని చుట్టూ నిలబడేవాళ్ళు. కుడీ ఎడమా అని ఉండదిందులో. దగ్గరా దూరమూ ఉంటాయి, అంతే."

"ఎక్కడ కూర్చోవాలి?"

"నీ ఇష్టం. కూర్చో, నిలబడు, నడుస్తూ విను. దీనికి పట్టింపుల్లేవు."

పెద్దావిడ రికార్డు మీద ముల్లు దించింది. వాద్యాలు లేవు. నలుగురు ఆడవాళ్ళు గొంతులు కలిపి పాడుతున్నారు. మొదట టీచర్‌కు ఎప్పటి ముద్దే వినిపించింది. అలవాటుగా గుమ్మం వైపు ఒకడుగు వేసింది. అంతలో ఆ ముద్దలోంచి ఒక గొంతు ముందుకొచ్చింది, మైకుకు దగ్గరగా నిలబడ్డావిడది. దాని వెనక ఇంకొకటి, కొంచెం గరుగ్గా. మూడో ఆవిడ పల్లవి ఎత్తుకునే ముందు అందరికన్నా ముందుగా ఊపిరి తీసుకుంటోంది. నాలుగో గొంతు మంద్రంలో, గది చివర ఎక్కడో, నేలను ఆనుకుని నడుస్తోంది. టీచర్ ఎడమ చెవి స్పీకరు వైపు తిప్పి దగ్గరకు వెళ్ళింది. తర్వాత దూరం జరిగి విన్నది. మళ్ళీ దగ్గరకు వచ్చింది. నలుగురూ నలుగురుగానే ఉన్నారు. గొంతును గొంతు నుంచి విడదీసే పని కుడి చెవిదనీ, దాంతోపాటే పోయిందనీ ఏడాదిగా నమ్మింది. ఆమె పక్కనున్న కుర్చీ వీపు గట్టిగా పట్టుకుంది.

"ఆ కింది గొంతావిడ ప్రతిసారీ ఒక పిసరు ఆలస్యంగా అందుకుంటోంది" అంది నెమ్మదిగా.

"కదూ! నాకెంతిష్టమో ఆవిడంటే. ఆవిడొచ్చేదాకా నేనూ ఊపిరి ఆపుకుంటా" అని పెద్దావిడ మురిసిపోయింది. రికార్డు మొదటినుంచీ మళ్ళీ వేసింది. రెండోసారి అయ్యాక టీచరే సిగ్గు విడిచి ఇంకోసారి వెయ్యమంది.

"ఇక్కడున్నావా! నీకోసం రెండంతస్తులూ గాలించాను" అంటూ బావ రొప్పుతూ వచ్చి ఆమె ఎడమ పక్కన నిలబడ్డాడు. ఇంకేదో అనబోతున్నాడు. అంతలో కరెంటు పోయింది.

తిరుగుతున్న రికార్డు నిదానించింది. నలుగురు ఆడవాళ్ళూ నలుగురు మగవాళ్ళై, ఆనక నాలుగు ఎనుబోతులై, మూలిగి ఊరుకున్నారు. వరండా పొడుగునా గదులన్నిటిలోంచీ ఒక్కసారే ఉసూరుమన్న చప్పుడు. ఎవరో జనరేటర్ వెయ్యమని కేకేశారు. అది పట్టుకోవడం లేదని ఇంకెవరో జవాబిచ్చారు. పెద్దావిడ లేచి పరదా లాగేసరికి గదిలోకి మిట్టమధ్యాహ్నపు ఎండ పడింది.

అప్పుడు, తనకు తెలియకుండానే, టీచర్ పాట ఆగినచోటి నుంచి అందుకుంది. మాటలు రావు కనక ఉత్త "లా లా" అనే పాడింది. ఏడాదిగా వాడని గొంతు మొదట జీరగా పలికి తర్వాత తేరుకుంది. పెద్దావిడ కింది గొంతు అందుకుంది, ఆ పిసరు ఆలస్యంతో సహా. గుమ్మంలో ఒకరు ఆగారు. ఇంకొకరు తొంగిచూశారు. చేసే పనేం లేక వరండాలో నిలబడిపోయిన జనం ఒక్కొక్కరే గదిలోకి వచ్చారు. వాళ్ళలో సూటు అబ్బాయి కూడా ఉన్నాడు.

"ఊరికే చూడ్డమేంటి, పాడండి" అంది టీచర్. అది బడి గొంతు. ఆ గొంతు విని ఎవరూ కాదనలేదు. "మీరంతా నాతో. కిటికీ దగ్గరున్నవాళ్ళు ఆవిడతో. తెలీకపోతే మెల్లగా పాడండి, మానెయ్యొద్దు."

పాడారు. గది నిండింది. అందులో ఎవరో శ్రుతి తప్పుతున్నారు. కింది స్థాయిలో, మగగొంతు. ఎవరు? ఎటు? వేలు లేవబోయి ఆగిపోయింది. బల్ల మీద తలపెట్టుకుని ఏడ్చిన పిల్ల కళ్ళ ముందు మెదిలింది. ఒక్క క్షణం పాట ఆపేద్దామనుకుంది.

ఆపలేదు. పాడుతూనే కదిలి జనం మధ్యలోకి నడిచింది. ఎడమ చెవి ఒక్కొక్కరి దగ్గరకూ తీసుకెళ్ళింది. సూటు అబ్బాయి శుభ్రంగా పాడుతున్నాడు. ఆ పక్కాయన పరవాలేదు. దగ్గరకు వెళ్తే ప్రతి గొంతూ ముద్దలోంచి విడివడి దాని మనిషి మీదికి వచ్చి కూర్చుంటోంది. అలా నడిచి నడిచి ఒకరి ముందు ఆగింది.

"బావా! మీరేనా?"

గదంతా గొల్లుమంది. ఏళ్ళ తరబడి ఊళ్ళోవాళ్ళ స్పీకర్లన్నిటికీ వంకలు పెట్టిన బావ మొహం కందగడ్డయింది.

"మెట్లు దిగినట్టు దిగిపోతున్నారు. ఈ స్వరం మీద నిలబడండి. నా నోరు చూడండి. ఆఁ, అలా, అలాగే పట్టుకోండి."

బావ పట్టుకున్నాడు. మెడనరాలు ఉబ్బాయి కానీ పట్టుకున్నాడు. కాసేపు, కొద్దిసేపే, ఆ గదిలో అన్ని గొంతులూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయి. కరెంటు వచ్చి పక్క గదుల్లో డప్పులు మోగినా, పాట చివరికి వచ్చేదాకా ఎవరూ కదల్లేదు.

వెనక్కి వచ్చేటప్పుడు బావ మళ్ళీ ఆమె ఎడమకే చేరాడు.

"ఒకటి చెప్తా, నవ్వకూడదు" అన్నాడు. "అంత పెద్ద స్పీకర్లైతే నీకు రెండు పక్కలా వినిపిస్తుందేమో అనుకున్నా."

"కళ్ళద్దాలు మార్చినట్టా?"

"అవునే. మసగ్గా ఉంటే అద్దం మారుస్తాం. నాకు తెలిసిన వైద్యం అదొక్కటే కదా."

ఆమె నవ్వలేదు. బావ మోచెయ్యి పట్టుకుని నడిచింది. "నాకు పనికొచ్చింది బావా. మీరనుకున్న దారిలో కాదుగానీ, పనికొచ్చింది."

సోమవారం హెడ్మిస్ట్రెస్‌తో వస్తానని చెప్పింది. అంతా తేలికైపోయిందని కాదు. మొదటి రోజు సాయంత్రానికి తల బరువెక్కి, ఇంటికెళ్ళి దిండు కింద ఎడమ చెవి దాచుకుని పడుకుంది. కొన్ని రోజులు ఎప్పటిలా ముద్దే మిగిలేది. అయినా మర్నాడు వెళ్ళేది. పాటల గదిలో బల్లలన్నీ గోడలకు జరిపించి, పిల్లల్ని ఎడం ఎడంగా నిలబెట్టింది. "నాకు కుడి చెవి వినిపించదు. బోర్డు దగ్గర నిలబడితే తప్పెవరిదో నాకు తెలీదు. అందుకని మీ మధ్యకొస్తాను, ఎవరూ బెదరొద్దు" అని మొదటే చెప్పేసింది.

"అయితే మీకు ఏ పక్క నిలబడి రహస్యాలు చెప్పుకోవచ్చు టీచర్?" అని ఒక కొంటెవాడు అడిగాడు.

"కుడి పక్క. కానీ మీ పెదాలు చదవడం నేర్చుకుంటున్నా" అంది.

పిల్లలు నవ్వారు, తర్వాత పాడారు. ఆమె వరసల మధ్య మెల్లగా తిరుగుతూ, ఒక్కొక్కరి దగ్గర తల వంచి విన్నది. పై గొంతులు పుష్కలంగా ఉన్నాయి. మంద్రంలోనే పల్చగా ఉంది, ఇంకో ఇద్దరు ముగ్గురు కావాలి. గంట కొట్టగానే పై తరగతుల వైపు వెతకడానికి బయల్దేరింది.